మీకు తెలుసా? కంప్యూటర్‌లో మీ ఇంటికి ఒక నకలు

2020 ఏప్రిల్ 24న సిద్దిపేట జిల్లా చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌లోకి గోదావరి నీళ్లు దుంకాయి. అప్పటి మంత్రులు కేటీఆర్, హరీశ్‌రావు వచ్చి మోటార్లు ఆన్ చేశారు. జలాశయం నిండితే 3 టీఎంసీలు. పంపుహౌస్‌లో 4 మోటార్లు, ఒక్కొక్కటి 130 మెగావాట్లకు పైబడ్డది. మిడ్‌మానేరు నీళ్లు అనంతగిరి దగ్గరి అన్నపూర్ణ జలాశయానికి, అక్కణ్నుంచి మా రంగనాయకసాగర్‌కు, ఇక్కణ్నుంచి మల్లన్నసాగర్‌కు పోతాయి. ఇదంతా పేపర్లలో వచ్చింది. ఎవరికి ఎప్పుడు కావాలన్నా దొరుకుతుంది.

నీళ్లు రాకముందు అక్కడున్న పొలం గట్లు, మోటబావులు, బండ్ల బాట మాత్రం పేపర్లలో లేవు. తెలిసినవాళ్ల పాత ఫోన్లలో, కెమెరా కార్డుల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న ఫోటోలను అడిగి తెచ్చి, మా ఇంటి కంప్యూటర్‌లో నా ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. ఆ నేల ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఆ ఫోటోలు మళ్లీ తీయాలన్నా తీయలేం. ఈసారి శీర్షిక మొత్తం అటువంటి ఫోల్డర్ల గురించే. లినక్స్ కంప్యూటర్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క ‘ఇల్లు’ ఉంటుంది. దాన్ని టెర్మినల్ నల్లతెర మీద నాలుగు మాటలు కొట్టి ఎట్లా భద్రం చేసుకోవచ్చో, ఎక్కడ దెబ్బతింటామో చెప్తాను. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే కొట్టాలి.

అల అంటే ఇల్లు

లినక్స్‌లో మన ఫోల్డర్‌కు పొట్టి గుర్తు ఒక అల: ~. దీన్ని టిల్డె అంటారు. ఇంటికీ అలకూ సంబంధం ఏమిటి? 1976 ప్రాంతంలో లియర్ సీగ్లర్ కంపెనీ ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ అమ్మేది. దాని కీబోర్డు మీద ‘హోమ్’ అనే మాట, ఈ అల గుర్తు రెండూ ఒకే మీట మీద ఉండేవి. ఆ రోజుల్లో ఆ యంత్రం ముందు కూర్చుని పనిచేసినవాళ్ల చేతి అలవాటే ఈనాటికీ మన తెర మీద నిలిచింది.

అందరి ఇళ్లూ ఉండే వాడ పేరు /హోమ్. మా కంప్యూటర్‌లో దాని కింద మూడిళ్లున్నాయి. ఒకటి నాది. ఇంకొకటి మా ఇంటామెది, అందులో మహిళా సంఘం లెక్కలుంటాయి. మూడోది మా బిడ్డది, చదువు కాగితాలు. సిస్టమ్ పాడైతే కొత్తది ఉచితంగా దింపుకుని అరగంటలో ఎక్కించుకోవచ్చు. లిబ్రేఆఫీస్ కూడా అంతే. ఇంటర్నెట్‌లో ఇంకెక్కడా దొరకనిది ఆ మూడు ఫోల్డర్లే. అందుకే నకలు తీయడానికి ముందు ‘డీయూ హైఫన్ ఎస్‌హెచ్’ అనే కమాండ్‌తో ఒక్కొక్క ఇంటి బరువు చూసుకోండి. చాలామంది ఇళ్లలో అసలు సరుకు తక్కువ, చెత్త ఎక్కువ. ‘డాట్ క్యాష్’ అనే ఫోల్డర్ మొత్తం వదిలేయవచ్చు. అది బ్రౌజర్లు తమ వేగం కోసం దాచుకునే పైపై సరుకు, పోతే మళ్లీ అదే పుడుతుంది. చెత్తబుట్టలోకి నెట్టిన ఫైళ్లు కూడా మీ ఇంట్లోనే ‘డాట్ లోకల్’ లోపల బరువుగా కూర్చుని ఉంటాయి. ఖాళీ చేశాకే నకలు తీయండి.

కంటికి కనపడని గదులు

పేరుకు ముందు చుక్క ఉంటే లినక్స్ ఆ ఫైలును మామూలుగా చూపించదు. ఇల్లంతా కాపీ చేద్దామని ‘సీపీ’ కమాండ్‌కు నక్షత్రం గుర్తు ఇస్తారు చాలామంది. నక్షత్రానికి చుక్కతో మొదలయ్యే పేర్లు కనపడవు. ఫోటోలు వస్తాయి, లెక్కలు వస్తాయి. థండర్‌బర్డ్‌లో దాచుకున్న పదేళ్ల ఈమెయిళ్లు రావు, ఎందుకంటే అవి ‘డాట్ థండర్‌బర్డ్’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. లిబ్రేఆఫీస్‌కు మీరు ఒక్కొక్కటే నేర్పిన తెలుగు మాటల పట్టిక రాదు, అది ‘డాట్ కాన్ఫిగ్’ లోపల ఉంటుంది. వేరే యంత్రాల్లోకి పోవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులూ రావు.

ఈ తప్పు నేను చేశాను. కాపీ అయిపోయిందని తెర మీద చూసి, పాత డిస్కును తుడిచేశాను. మెయిళ్లలో మా నాయన రాసినవి కొన్ని ఉండేవి. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా మొదట ఈ ముక్కే చెప్తాను: నక్షత్రం వద్దు, ఫోల్డర్ పేరే ఇవ్వండి. ఫోల్డర్ పేరు ఇచ్చి హైఫన్ ఎ అని చేరిస్తే, చుక్క ఉన్నవీ లేనివీ అన్నీ, తేదీలతో సహా, వస్తాయి.

ఇంకొకటి. కంప్యూటర్ భాష మార్చి మొదటిసారి లాగిన్ అయితే, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్ల పేర్లు కూడా ఆ భాషలోకి మారవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ వంటి వాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చేందుకు ఏళ్లుగా పనిచేశారు కాబట్టి, తెలుగు తెరతో నడిచే యంత్రాలు మన దగ్గర అరుదేమీ కాదు. ఇంగ్లీషు ఫోల్డర్ పేర్లు పెట్టి ఎవరో రాసిన బ్యాకప్ స్క్రిప్టు అటువంటి యంత్రం మీద ఏ ఫైలూ తీసుకోకుండానే పోతుంది. ఒక్కొక్క ఫోల్డర్ ఎంచుకోకుండా ఇల్లు ఇల్లంతా తీసుకోమనడం అందుకే.

టేపు పోయింది, మూట మిగిలింది

‘టార్’ అనే కమాండ్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. పేరులోనే టేపు ఉంది. అయస్కాంత టేపు మీదికి ఫైళ్లను వరసగా ఎక్కించడానికి పుట్టింది. టేపులు మన ఇళ్లలో లేవు గానీ, వంద ఫైళ్లను ఒక్క మూటగా కట్టే పని ఈ కమాండ్ ఇప్పటికీ చక్కగా చేస్తుంది. ‘సీ’ అంటే కట్టు, ‘టీ’ అంటే లోపలేముందో చూపించు, ‘ఎక్స్’ అంటే విప్పు, ‘జెడ్’ అంటే కుదించు, ‘ఎఫ్’ తర్వాత మూట పేరు. అంతే.

మొదటిసారి కట్టినప్పుడు తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది. పేర్ల ముందున్న స్లాష్ తీసేస్తున్నానని అంటుంది. చాలామంది భయపడి ఆపేస్తారు. అది మన మేలుకే. స్లాష్ ఉంచితే, రేపు మూట విప్పినప్పుడు పాత ఫైళ్లు నేరుగా ఈనాటి ఇంటి మీదే పడి కొత్తవాటిని చెరిపేస్తాయి. స్లాష్ లేకపోతే మీరు నిలబడ్డ చోటే విప్పుకుంటుంది.

మూట ఎందుకు కట్టాలి, ఊరికే పెన్‌డ్రైవ్‌లోకి లాగేస్తే పోదా? పోదు. దుకాణంలో కొన్న పెన్‌డ్రైవులు ఎక్కువగా ఫ్యాట్-32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి. ఈ ఫైలు ఎవరిది, ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు అన్న సంగతి రాసుకునే చోటే వాటిలో లేదు. అట్లా కాపీ చేసి తిరిగి తెచ్చుకుంటే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి ‘అందరికీ తెరిచి ఉంది’ అని పనిచేయడమే మానేస్తుంది. టార్ మూటలో మాత్రం ఆ వివరాలన్నీ లోపలే ఉంటాయి, పెన్‌డ్రైవ్ పద్ధతి ఏదైనా సరే. ఒక్క ఇబ్బంది: ఫ్యాట్-32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియో ఉన్న ఇల్లు ఎప్పుడైనా దాటుతుంది. బ్యాకప్‌కని కొన్న డిస్కును మొదటి రోజే ఎక్స్‌ట్-4 పద్ధతిలోకి ఫార్మాట్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు.

మన అక్షరం బరువు 3 బైట్లు

నాకు అన్నిటికంటే ఆసక్తి ఇక్కడ. ఇంగ్లీషు అక్షరం డిస్కులో 1 బైటు. తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. గుర్తు అంటే మనం పలకమీద దిద్దే అక్షరం కాదు. ‘లక్ష్మి’లో మనకు కనిపించేవి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని 7 గుర్తులు, అంటే 21 బైట్లు. ‘చంద్లాపూర్’ 10 గుర్తులు, 30 బైట్లు.

అయితే ఏమిటంటారా? లినక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషువాళ్లకు అది 255 అక్షరాలు. మనకు 85 గుర్తులు. నా ఇంకో ఫోటోల మూటకు నేను పెట్టుకున్న పేరు చూడండి: ‘చంద్లాపూర్ రంగనాయకసాగర్ నీళ్లు వచ్చిన రోజు ఫోటోలు’. 44 తెలుగు గుర్తులు, 5 ఖాళీలు, కలిపి 137 బైట్లు. ఎక్స్‌ట్-4 డిస్కులో హాయిగా పడుతుంది. కానీ ఇంటి ఫోల్డర్‌కు ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ అనే తాళం వేసి ఉంటే హద్దు 143 బైట్లే. ఉబుంటు అనే లినక్స్‌లో 2018 వరకు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఈ తాళం వేసుకునే వీలుండేది, అందుకని పాత యంత్రాల్లో ఇంకా కనపడుతుంది. దాని కింద నా ఫైలుకు ఇంకొక్క మాట కూడా చేర్చలేను. మామూలు డిస్కులో పుట్టిన పొడుగు పేర్లు అటువంటి ఇంట్లోకి తిరిగి రానంటాయి. ‘పేరు మరీ పొడుగు’ అని ఒక్క ముక్క చెప్పి కమాండ్ ఆ ఫైలును వదిలేసి ముందుకు పోతుంది. చివరి వరకూ తెర చూడనివాళ్లకు ఆ ఫైలు రాలేదని తెలియదు.

పాత టార్ పద్ధతిలో ఇంకా ఇరుకు: పేరుకు 100 బైట్లే. 33 తెలుగు గుర్తులు. ఇప్పుడు లినక్స్‌లో వచ్చే జీఎన్‌యూ టార్ ఆ హద్దును తనదైన పద్ధతిలో దాటుతుంది. 2001లో వచ్చిన పాక్స్ పద్ధతిలో హద్దే లేదు. తెలుగు పేర్లున్న ఇంటికి ‘ఫార్మాట్ పాక్స్’ అని చెప్పి మూట కట్టడం మంచిదని నా అనుభవం. ఏ యంత్రం మీద విప్పినా పేర్లు చెదరలేదు.

ఐత్వం రెండుగా చీలిన కథ

మీ దగ్గర 2017కు ముందటి మ్యాక్ డిస్కు ఉందా? అయితే ‘రైతుబంధు’ అని ఒక ఫైలు పెట్టి లినక్స్‌లోకి తెచ్చి చూడండి. యూనికోడ్‌లో ఐత్వానికి ఒక్క గుర్తుంది, అంకె 0సి48. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింద ఒక చిన్న గీత అని రెండు గుర్తులుగా కూడా రాయవచ్చు. తెలుగు గుర్తుల్లో ఇట్లా విడిపోయేది ఇదొక్కటే. ఆ పాత మ్యాక్ డిస్కులు ప్రతి పేరునూ విడగొట్టి దాచుకునేవి. లినక్స్ అట్లా చేయదు, మీరు ఇచ్చినదే ఇచ్చినట్టు దాస్తుంది.

ఫలితం: కంటికి రెండూ ‘రైతుబంధు’లే. బైట్లు వేరు. నకలు తీసే కమాండ్‌కు అవి ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనపడతాయి. ఏది కొత్తదో ఏది పాతదో తెలియక ఒకటి చెరిపేస్తారు. రైతు, పైరు, పైసలు, సైకిల్, వైద్యం: మన ఊళ్ల ఫైళ్ల పేర్లలో ఐత్వం ఎంత తరచుగా వస్తుందో ఆలోచించండి. ఆర్‌సింక్ అనే కమాండ్‌లో ‘ఐకాన్వ్’ అనే మీట ఈ పనికి ఉపయోగపడుతుంది. మ్యాక్ వైపు ‘యూటీఎఫ్-8-మ్యాక్’ అని, ఇటువైపు ‘యూటీఎఫ్-8’ అని చెప్తే విడిపోయిన ఐత్వాన్ని మళ్లీ కలిపి రాస్తుంది.

అట్లాగే, రాత్రిపూట తనంతట తాను నడిచే బ్యాకప్ చిట్టాలో మీ తెలుగు పేర్ల బదులు 340, 260, 261 అనే అంకెలు బారులు తీరి కనిపిస్తే బెదరకండి. ఫైళ్లు చెడలేదు. తెలుగు గుర్తు ప్రతిదీ డిస్కులో 340తోనే మొదలవుతుంది, రెండోది 260 గానీ 261 గానీ. ఎనిమిది అంకెల లెక్కలో చెప్తున్నాను. రాత్రి పనికి భాష ఏదో చెప్పకపోవడంతో అక్షరాలుగా చూపించలేక అంకెలుగా చూపించింది. ఆర్‌సింక్‌కు ‘హైఫన్ 8’ చేరిస్తే అక్షరాలుగానే రాస్తుంది.

ఎవరి వస్తువు ఎవరికి

లినక్స్ ఫైలు మీద యజమాని పేరు రాసుకోదు, అంకె రాసుకుంటుంది. ఉబుంటు, డెబియన్ యంత్రాల్లో మొదట చేరినవాళ్లకు 1000, తర్వాతివాళ్లకు 1001, ఆ తర్వాత 1002. పాత కంప్యూటర్‌లో నేను మొదట చేరాను. కొత్తది కొన్నప్పుడు మా బిడ్డ ముందు కూర్చుని తన ఖాతా ముందు తెరుచుకుందనుకోండి. పాత డిస్కును నేరుగా తగిలించి చూస్తే నా ఫైళ్లన్నీ ఆమె పేరు మీద కనిపిస్తాయి, ఆమెవి ఇంకొకరి పేరు మీద. ఎవరి పొలం ఎవరి పట్టాలోకో ఎక్కినట్టు. టార్, ఆర్‌సింక్ రెండూ ఈ చిక్కును ముందే ఊహించాయి. మూట విప్పేటప్పుడు గానీ, ఒక యంత్రం నుంచి ఇంకోదానికి పంపేటప్పుడు గానీ సుడో, అంటే నిర్వాహకుడి అధికారం, పెట్టి నడిపితే అంకెను పక్కనపెట్టి పేరుతో సరిచూసుకుంటాయి. కాబట్టి కొత్త యంత్రంలో ముందు అవే పేర్లతో ఖాతాలు తెరవండి, తర్వాతే మూట విప్పండి. ఖాతాలు తెరిచే వరస ఏదైనా ఫర్వాలేదు.

ఒక ఖాతా తీసేయాల్సి వస్తే డెబియన్ కుటుంబంలో ‘డెల్‌యూజర్’ కమాండ్‌కు ‘బ్యాకప్’ అనే మీట ఉంది. ఆ మనిషి ఫైళ్లను మూటగట్టి పక్కన పెట్టాకే తీసేస్తుంది. పని వదిలి వెళ్లిన ఆపరేటర్ ఖాతాను ఆ రోజే చెరిపేసే ఆఫీసుల్లో ఈ ఒక్క మాట తెలిసి ఉంటే ఎన్ని దస్తావేజులు మిగిలేవో.

ఒక్క స్లాష్

ఆర్‌సింక్‌ను ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996 జూన్‌లో విడుదల చేశారు. ట్రిడ్జెల్ అప్పుడు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థి. నెమ్మదిగా నడిచే లైను మీద పెద్ద ఫైలు పంపాలంటే, మొత్తం పంపకుండా మారిన ముక్కలే పంపితే చాలదా అన్నది ఆయన ప్రశ్న. ముక్క ముక్కకూ ఒక చిన్న లెక్క కట్టి, అవతలి వైపు లెక్కతో పోల్చి, తేడా ఉన్నంతవరకే పంపుతుంది. ఊళ్లో మొబైల్ నెట్ మీద సిద్దిపేటలో ఉన్న చుట్టాలింటి కంప్యూటర్‌కు నకలు పంపుకునేవాళ్లకు 1996 నాటి ఆ ఆలోచన ఈనాటికీ పైసలు మిగులుస్తుంది.

దీన్ని వాడేటప్పుడు ఒక్క స్లాష్ చాలా ముఖ్యం. ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే ‘లోపలున్నవి తీసుకుపో’ అని. పెట్టకపోతే ‘ఫోల్డర్‌తో సహా తీసుకుపో’ అని. ఇవాళ పెట్టి, రేపు మరిచిపోతే డిస్కులో ఇంటి లోపల ఇంకో ఇల్లు పుడుతుంది, చోటు రెండింతలవుతుంది. దానికి ‘డిలీట్’ మీట కూడా తోడైతే మాటలు కావు. డిలీట్ అంటే, అసలు ఇంట్లో లేనివి నకలులోనూ ఉండొద్దని. ఏదో కారణంగా అసలు డిస్కు తగలక ఇల్లు ఖాళీగా కనిపిస్తే, నకలు కూడా ఖాళీ చేసేస్తుంది, చెప్పింది చెప్పినట్టు. అందుకే ఎప్పుడూ ముందు ‘హైఫన్ ఎన్‌వీ’ పెట్టి నడపండి. ఏమేం చేస్తానో చెప్తుంది, చేయదు. ఆ చిట్టాలో ‘డిలీటింగ్’ అనే వరసలు మీరు ఊహించినదానికంటే ఎక్కువ ఉంటే ఆగిపోండి.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. బయటి డిస్కు తగిలించడం మరిచిపోయి కమాండ్ కొట్టారనుకోండి. డిస్కు తగిలే చోటు అనేది మామూలు ఖాళీ ఫోల్డరే. ఆర్‌సింక్ ఏమీ అనకుండా అందులోకే, అంటే అదే కంప్యూటర్ లోపలి డిస్కులోకే, కాపీ చేసేస్తుంది. బ్యాకప్ అయిందని మనం నిశ్చింతగా ఉంటాం. డిస్కు పోయిన రోజు రెండూ కలిసే పోతాయి. ‘మౌంట్‌పాయింట్’ అనే చిన్న కమాండ్ ఉంది. డిస్కు నిజంగా తగిలి ఉందో లేదో చెప్పడమే దాని పని. స్క్రిప్టులో మొదటి వరస అదే ఉండాలి.

మధ్యలో కరెంటు పోతే? మన దగ్గర ఇది ఊహ కాదు. ఆర్‌సింక్ కొత్త ఫైలును ముందు వేరే పేరుతో రాసి, మొత్తం వచ్చాకే అసలు పేరు పెడుతుంది. సగంలో ఆగినా పాత నకలు చెడదు. కరెంటు వచ్చాక అదే కమాండ్ మళ్లీ కొడితే అయిపోయినవి వదిలి మిగిలినవే తీసుకుంటుంది. తెర మీద ‘అయింది’ అని వచ్చిన వెంటనే మాత్రం డిస్కు పీకేయకండి. ‘యూమౌంట్’ చేశాకే తీయాలి. ఆఖరి ఫైళ్లు అప్పటికింకా మెమరీలోనే ఉండవచ్చు.

క్యోటోలో ఏం జరిగింది

2021 డిసెంబర్ 14 నుంచి 16 వరకు, జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లు చెరిగిపోయాయి. 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 14 పరిశోధక బృందాలవి. వాటిలో 4 బృందాలవి మళ్లీ రానేలేదు. దొంగలు రాలేదు, డిస్కు కాలిపోలేదు. చెరిపింది బ్యాకప్ ప్రోగ్రామే.

ఆ స్క్రిప్టులో పది రోజులు దాటిన చిట్టాలను వెతికి తీసేసే ఒక వరస ఉంది. ఎక్కడ వెతకాలో చెప్పే మాట ఒక పేరులో దాచి ఉంటుంది. స్క్రిప్టు నడుస్తుండగానే దాని మీద కొత్త వెర్షన్ రాశారు. బ్యాష్ అనే ప్రోగ్రామ్ స్క్రిప్టును మొత్తం ఒకేసారి చదువుకోదు, నడుస్తూ నడుస్తూ చదువుతుంది. సగం పాతది, సగం కొత్తది అయ్యింది. ఆ పేరులో ఏమీ లేకుండా పోయింది. చిట్టాల ఫోల్డర్‌కు బదులు పరిశోధకుల ఫైళ్లున్న చోటే వెతికి చెరపడం మొదలుపెట్టింది.

అక్కడున్నవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. స్క్రిప్టును బాగు చేద్దామనే మార్చారు. మనకు పనికొచ్చేవి రెండు సంగతులు. స్క్రిప్టు మొదట్లో ‘సెట్ హైఫన్ యూ’ అని ఒక వరస రాస్తే, విలువ లేని పేరు తగలగానే అక్కడే ఆగిపోతుంది. స్క్రిప్టు మార్చాల్సి వస్తే దాని మీదే రాయకుండా, వేరే ఫైలులో రాసి, పేరు మార్చి దాని చోట పెట్టాలి. అప్పుడు నడుస్తున్నది పాతదాన్నే చివరిదాకా చదువుకుంటుంది.

నిన్నటి ఇల్లు, మొన్నటి ఇల్లు

రోజూ ఒక పూర్తి నకలు కావాలి, చోటు మాత్రం ఒక్కదానికే ఉంది. కుదురుతుందా? కుదురుతుంది. ఆర్‌సింక్‌లో ‘లింక్-డెస్ట్’ మీట ఉంది. నిన్నటి నకలు ఎక్కడుందో చెప్తే, మారని ఫైళ్లను మళ్లీ రాయదు, అదే ఫైలుకు ఇవాళ్టి ఫోల్డర్ నుంచి ఇంకో పేరు పెడుతుంది. ఒకే ఇంటికి రెండు వీధుల నుంచి రెండు తలుపులున్నట్టు. తేదీ పేరుతో ఉన్న ప్రతి ఫోల్డర్ తెరిస్తే ఇల్లు ఇల్లంతా కనిపిస్తుంది, చోటు మాత్రం మారినవాటికే పడుతుంది. పాత తేదీ ఫోల్డర్ తీసేసినా కొత్తదానికి ఏమీ కాదు. మా ఇంటామె ఒకసారి సంఘం లెక్కల ఫైలులో పొరపాటున ఒక వరసంతా చెరిపి సేవ్ చేసింది. నాలుగు రోజుల తర్వాత గానీ తెలియలేదు. నాలుగు రోజుల కిందటి ఫోల్డర్‌లో ఆ వరస అట్లాగే ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ముప్ఫై తేదీల ఫోల్డర్లున్నా మారని ఫోటో డిస్కు మీద ఒక్కటే. ఆ డిస్కు కింద పడితే ముప్ఫై పోయినట్టే. అందుకే ఇంకో డిస్కు, అదీ ఇంకో ఇంట్లో ఉండాలి. 1998లో పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ సినిమా ఫైళ్లను ఒక చెరిపే కమాండ్ తుడిచేసింది. బ్యాకప్ టేపులు చూస్తే అవి సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. గాలిన్ సస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు అప్పుడే బిడ్డను కని, ఇంటి నుంచి పనిచేయడానికి సినిమా నకలు ఒకటి ఇంటి కంప్యూటర్‌లో పెట్టుకుంది. ఆ యంత్రాన్ని దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చారు. సినిమా 1999లో విడుదలైంది.

ఇంకో ఇంట్లో పెట్టే నకలుకు తాళం కూడా వేయండి. అందులో మీ పాస్‌వర్డులు, ఆధార్ కాగితాలు, బ్యాంకు చీటీలు అన్నీ ఉంటాయి. ‘జీపీజీ హైఫన్ సీ’ అని కొడితే మూట మొత్తానికి ఒక రహస్య మాటతో తాళం పడుతుంది. ఆ మాట మరిచిపోతే తెరిచే దారి లేదు కాబట్టి, కాగితం మీద రాసి పట్టా పాస్‌బుక్ ఉన్నచోట దాచండి.

తెరిచి చూసినప్పుడే

టార్‌లో ‘కంపేర్’ అనే మీట ఉంది, మూటలో ఉన్నదీ ఇంట్లో ఉన్నదీ పోల్చి తేడాలు చెప్తుంది. నకలు తీస్తున్నప్పుడు ఎవరైనా ఫైలు మార్చితే టార్ ఆ సంగతి చెప్పి, పని ముగిశాక 1 అనే అంకె ఇస్తుంది. 2 ఇస్తే ఏదో పెద్ద తప్పు జరిగినట్టు. 0 వస్తే సజావుగా అయినట్టు. మిగతావాళ్లను లాగౌట్ కమ్మని చెప్పి, సుడో పెట్టి నడిపితే 0 వస్తుంది. సుడో లేకుండా నడిపితే పక్కవాళ్ల ఇళ్లలోని ఫైళ్లకు ‘అనుమతి లేదు’ అని వదిలేసి పోతుంది.

అంకెలు చూడటం ఒక ఎత్తు, కళ్లతో చూడటం ఇంకో ఎత్తు. నెలకు ఒకసారి, సిద్దిపేటలో పెట్టుకున్న నా ఇంకో డిస్కు తెప్పించి, మూటలోంచి ఏదో ఒక్క ఫోటో పేరు చెప్పి దాన్ని ఖాళీ ఫోల్డర్‌లోకి విప్పుతాను. ‘సీఎంపీ’ అనే కమాండ్ రెండు ఫైళ్లను బైటు బైటుకూ పోలుస్తుంది, తేడా లేకపోతే ఏమీ అనదు. పోయిన నెల అది ఏమీ అనలేదు. తర్వాత ఆ ఫోటో తెరిచాను. ఎండాకాలం, దున్నిన చెలక, మోటబావి పక్కన రెండు తాటిచెట్లు, వెనకాల ఎండలో రంగనాయకుల గుట్ట. ఇప్పుడు ఆ గుట్ట చుట్టూ నీళ్లే.